పర్లాకిమిడిలో మావాడి స్కౌట్ దళం, ఒక ఏడాది చూశాక

ఏ బట్టయినా నేను ముందు తిరగేసి చూస్తాను. పైకుట్టు ఎవరైనా నీటుగా వేస్తారు. లోపల దారాలు వేలాడుతున్నాయా, అంచులు కట్టారా, పిల్లలు పెరిగితే విప్పుకోవడానికి మడత వదిలారా అన్నవి చూస్తేనే కుట్టిన మనిషి సంగతి తెలుస్తుంది. ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో పదిహేడేళ్ళుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మా పెద్దోడు చేరిన స్కౌట్ దళం గురించి కూడా అలాగే లోపలి వైపు నుంచి, అంటే ఇంటి వైపు నుంచి రాస్తున్నాను. ఈ ఏడాది జూన్‌లో పిల్లల్ని చేర్పిద్దామా వద్దా అని షాపుకొచ్చే తల్లులు చాలామంది అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుంది.

ఐదు స్టార్లలో నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

వాణ్ణి చేర్పించాలని నాకు ఎందుకు అనిపించిందంటే, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి వల్ల. వాడికి అప్పుడు ఐదేళ్ళు. మా వెనక గది రేకులు లేవడం మొదలైంది. మా ఆయన, పక్కింటి బాబాయి కలిసి తాడుతో దూలానికి బిగించాలని చూశారు. ముడి వేస్తారు, గాలి లాగుతుంది, జారిపోతుంది. మళ్ళీ వేస్తారు. ఇద్దరు మగాళ్ళు అరగంట సేపు వర్షంలో నిలబడి తాడుతో కుస్తీ పట్టారు గానీ, నిలిచే ముడి ఒక్కటి ఇద్దరికీ రాలేదు. చివరికి రెండు రేకులు పోయాయి. గజపతి జిల్లా కొండల్లో ఆ తుఫానుకి కొండచరియలు విరిగి ప్రాణాలే పోయాయి, వాటి ముందు మా రేకులు ఎంత. కానీ ఆ జారిపోయే తాడు మాత్రం నా కళ్ళలో ఉండిపోయింది. వాడికి పదకొండేళ్ళు వచ్చాక స్కూల్లో స్కౌట్స్‌లో పేర్లు రాసుకుంటున్నారని చెప్పినప్పుడు, "ముడులు నేర్పుతారా?" అని అడిగాను. "అదే మొదట నేర్పుతారంట అమ్మా" అన్నాడు. వెంటనే సంతకం పెట్టాను.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్ళు నిండిన మగపిల్లలు స్కౌట్లుగా, ఆడపిల్లలు గైడ్లుగా చేరవచ్చు. అంతకంటే చిన్న మగపిల్లలు కబ్బులు, ఆడపిల్లలు బుల్‌బుల్‌లు. చేరగానే స్కౌట్ అయిపోరు. ముందు ప్రవేశ్ అని ఒక మెట్టు ఉంటుంది, దానికి తక్కువలో తక్కువ మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి పురస్కార్. మావాడు ఇప్పుడు ప్రథమ సోపాన్ పూర్తి చేశాడు.

ఆ ప్రవేశ్ మూడు నెలలే ఈ దళంలో నాకు బాగా నచ్చిన భాగం. అందులో ఒక షరతు ఉంది. పిల్లవాడు నెల రోజుల పాటు ఇంట్లో రోజుకొక మంచి పని చెయ్యాలి, డైరీలో రాసుకోవాలి. పొద్దున్నే స్కార్ఫ్ కొసకి ఒక ముడి వేసుకుంటారు, ఆ రోజు మంచి పని చేశాక విప్పుతారు. మావాడికి అప్పటికి స్కార్ఫ్ రాలేదు, అందుకని జేబు రుమాలుకే వేసుకునేవాడు. రాత్రి బట్టలు ఉతకడానికి తీసినప్పుడు నేను ముందు రుమాలు చూసేదాన్ని, ముడి ఉందా, విప్పాడా అని. డైరీ వాణ్ణి అడిగే చదివాను. "మామ్మ కళ్ళద్దాలు తుడిచాను." "చెల్లి సైకిల్ చైన్ వేశాను." "అమ్మ సూదిలో దారం ఎక్కించాను." పదకొండో రోజు దగ్గర ఒక్క ముక్కే ఉంది: "ఈరోజు ఏమీ చెయ్యలేదు." నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఏదో ఒకటి రాసేస్తే ఎవరు అడుగుతారు? వాళ్ళ స్కౌట్ మాస్టారు ఆ పేజీ చూసి ఏమీ అనకుండా కింద సంతకం పెట్టారు. తిట్టలేదు, పొగడలేదు. అలాంటి మాస్టారు దొరకడం కూడా అదృష్టమే.

ఇక స్కౌట్లు పాటించాల్సిన తొమ్మిది నియమాలు. వీటిని పిల్లలకు హిందీలో, ఒడియాలో నేర్పుతారు. మావాడు చదివేది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, స్కౌట్ ప్రార్థన హిందీ. నియమాలు హిందీలో, ఒడియాలో గడగడా అప్పజెప్పేస్తాడు గానీ, మా అత్తగారు "అంటే ఏటిరా?" అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలాడు. తెలుగు పుస్తకం మా ఊళ్ళో నాకు దొరకలేదు. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం వాడూ నేనూ కూర్చుని, షాపులో నేను కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీలో తెలుగులో రాసుకున్నాం. స్కౌట్ నమ్మదగినవాడు. విశ్వాసంగా ఉంటాడు. అందరికీ స్నేహితుడు, తోటి స్కౌట్‌కి అన్నదమ్ముడు. మర్యాదగా ఉంటాడు. జంతువులకు స్నేహితుడు, ప్రకృతిని ప్రేమిస్తాడు. క్రమశిక్షణ ఉన్నవాడు, పదిమంది ఆస్తిని కాపాడతాడు. ధైర్యం ఉన్నవాడు. పొదుపరి. మనసులో, మాటలో, పనిలో శుభ్రంగా ఉంటాడు.

మొదట వాడు "విశ్వసనీయుడు" అని రాశాడు. మామ్మకి చదివి వినిపిస్తే ఆవిడ ముఖం చూసి కొట్టేసి "నమ్మదగినవాడు" అని రాశాడు. చదువుకోని మనిషికి కూడా అర్థమయ్యే తెలుగులో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా పనిచేసింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనుల సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం వాళ్ళ భాషలో పుస్తకాలు రాసింది కూడా ఇక్కడే. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, మన తెలుగు ఇళ్ళ వరకు మిగిలింది. ఆ పేజీని ఇప్పటికీ చింపలేదు. దాని ముందు పేజీలో ఎవరివో జాకెట్ కొలతలు ఉంటాయి, వెనక ఈ తొమ్మిది వాక్యాలు.

యూనిఫారం గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు. చొక్కా స్టీల్ గ్రే రంగు, నిక్కరు గానీ ప్యాంటు గానీ నేవీ బ్లూ. చొక్కాకి రెండు ప్యాచ్ జేబులు, వాటికి గుండీ ఉన్న ఫ్లాపులు, భుజాల మీద పట్టీలు ఉండాలి. దగ్గర్లోని ఒక పట్నంలో రెడీమేడ్ సెట్టు అమ్ముతున్నారని తోటి తల్లిదండ్రులు ముగ్గురు తెచ్చుకున్నారు. రెండు ఉతుకులకి రంగు దిగిపోయింది, ఫ్లాపు కాజాలు దారం విడిపోయాయి, చంకల్లో కుట్టు పిగిలింది. మూడూ నా దగ్గరికే వచ్చాయి, బాగుచేసి ఇచ్చాను. బట్ట కొనుక్కుని కుట్టించుకోండి. కాటన్ కలిసిన బట్ట చూసుకోండి, పిల్లలు మైదానంలో ఎండకి ఉంటారు. జేబు కుట్టేటప్పుడు పై మూలల దగ్గర రెండుసార్లు తిప్పి కుట్టమని చెప్పండి, పిల్లలు అందులో ఈల, తాడు, చిన్న నోటు పుస్తకం అన్నీ కూరతారు. నాకు బట్ట, గుండీలు, బెల్టు, టోపీ అన్నీ కలిపి 1,500 రూపాయల లోపే అయింది, కూలి నాదే కాబట్టి. దళం చందా దాని ముందు లెక్కలోకి రాదు.

స్కార్ఫ్ మాత్రం కుట్టడం తేలికని అనుకోకండి. మూడు కోణాల బట్ట, రెండు వైపులు 70 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 80కి మించకూడదు. చదరం బట్టని మూల నుంచి మూలకి కోస్తే రెండొస్తాయి. ఆ మూల కోత క్రాస్‌లో పడుతుంది కాబట్టి మిషను మీద కొంచెం లాగినా సాగిపోయి అల అలలుగా వస్తుంది. చేత్తో హెమ్మింగ్ చేస్తేనే మంచిది. నేను దళం మొత్తానికీ ఈ ఏడాది చేత్తోనే చేసిచ్చాను, డబ్బు తీసుకోలేదు. ఎందుకింత శ్రద్ధ అంటే ఆ స్కార్ఫ్ మెడలో అలంకారానికి కాదు. చెయ్యి విరిగితే అదే కట్టు, తలకు దెబ్బ తగిలితే అదే కట్టు.

ప్రవేశ్ పూర్తయ్యాక పిల్లలు స్కౌట్లుగా ప్రతిజ్ఞ చేసే దీక్ష రోజు తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. పిల్లలు గుర్రపు నాడా ఆకారంలో నిలబడ్డారు. ఒక్కొక్కణ్ణి ముందుకు పిలిచి మాస్టారు అడిగారు, గౌరవం అంటే ఏమిటో తెలుసా అని. తెలుసు, నేను నిజం చెబుతానని, నా మాట నమ్మవచ్చని అని పిల్లవాడు చెప్పాలి. ఆ తర్వాత మూడు వేళ్ళు ఎత్తి ప్రతిజ్ఞ. మూడు వేళ్ళు ప్రతిజ్ఞలోని మూడు భాగాలు: దేవుడికీ దేశానికీ చెయ్యవలసింది, తోటివాళ్ళకి సాయం, స్కౌట్ నియమం. బొటనవేలు చిటికెన వేలి మీద ఉంటుంది, బలమున్నవాడు బలం లేనివాణ్ణి కాయాలని. ప్రతిజ్ఞలో "దేవుడు" అనే చోట కావాలంటే "ధర్మం" అనుకోవచ్చు. వారం రోజుల ముందు నుంచీ ఏది అనాలో వాడు ఆలోచించుకుంటూనే ఉన్నాడు. నేను ఏమీ చెప్పలేదు. వాడు ఏ మాట అన్నాడో ఇక్కడ రాయను, అది వాడిది. వాడి జట్టులో కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర క్రైస్తవ పిల్లలు ఇద్దరున్నారు. అందరూ అదే చోట నిలబడి, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుని, అదే ప్రతిజ్ఞ చేశారు.

చివర మాస్టారు ఎడమ చెయ్యి కలిపారు. స్కౌట్లు ఎడమ చేత్తోనే షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటారు. ఎడమ చేతిలో డాలు ఉంటుంది, దాన్ని కింద పెట్టి చెయ్యి చాపితే నిన్ను పూర్తిగా నమ్ముతున్నానని అర్థం అని ఆఫ్రికా వీరుల కథ ఒకటి చెబుతారు. మనకు ఎడమ చెయ్యి ఇవ్వడం తప్పు కదా. మా అత్తగారు అక్కడే "కుడి చెయ్యి ఇవ్వరా" అని గదమాయించబోయారు. ఇంటికొచ్చాక వాడు ఆవిడ పక్కన కూర్చుని డాలు కథ మొత్తం చెప్పాడు. ఇప్పుడు ఆవిడ పడుకునే ముందు వాడికి ఎడమ చెయ్యి చాపుతారు. దీక్ష జరిగిన రాత్రే స్కౌట్ సభ్యుడని తెలిపే ఆకుపచ్చ గుర్తుని ఎడమ జేబు మధ్యలో నేను కుట్టాను. పదిహేడేళ్ళలో ఎన్ని వేల కుట్లు వేసి ఉంటానో, అంత జాగ్రత్తగా మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు.

చరిత్ర కూడా మాస్టారు కొంచెం కొంచెంగా చెబుతారట. 1907 ఆగస్టులో బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పోవెల్ ఇరవై మంది పిల్లలతో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవిలో వేసిన క్యాంపుతో ఇది మొదలైంది. మన దేశానికి 1909లోనే వచ్చింది గానీ, మొదట తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. అందుకని మన పిల్లల కోసం అనీబిసెంట్ 1916లో మద్రాసులో వేరే సంఘం పెట్టారు, మదనమోహన మాలవీయ లాంటి పెద్దలు సేవా సమితి స్కౌట్స్‌ని నడిపారు. స్వతంత్రం వచ్చాక 1950 నవంబర్ 7న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది, మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్స్ కూడా వచ్చి చేరారు. రానివ్వని చోట తలుపు కొడుతూ నిలబడకుండా మనవాళ్ళు మరో ఇల్లు కట్టుకున్నారని వాడు చెప్పినప్పుడు నాకు చాలా నచ్చింది.

జట్టు గురించి చెప్పాలి, నా లెక్కలో అసలు బడి అదే. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక జట్టు, దాన్ని పేట్రోల్ అంటారు. దానికి ఒక పిల్లవాడే లీడరు. జట్టు లీడర్లు, మాస్టారు కూర్చుని సభ పెట్టుకుంటారు, చాలా విషయాలు అక్కడే తేలతాయి. ఒక సవర పిల్లవాడు వరసగా మూడు ఆదివారాలు రాలేదు. పేరు తీసేద్దామని ఒకరన్నారట. ముందు హాస్టల్‌కి వెళ్ళి కనుక్కుందామని మావాడి లీడరు అన్నాడట. వెళ్తే తెలిసింది, వాడికి ఉన్నది ఒకే ఒక్క నిక్కరు, అది చిరిగింది. ఆ సాయంత్రం నలుగురు పిల్లలు నా షాపు ముందు వచ్చి నిలబడ్డారు. ఎవరూ డబ్బులివ్వమని అడగలేదు. "ఆంటీ, కత్తిరించిన ముక్కలు ఉంటే మాకు కుట్టడం నేర్పుతారా?" అన్నారు. నేర్పాను. ఆ అతుకు వంకరగానే వచ్చింది, నేను సరిచెయ్యలేదు. తర్వాతి ఆదివారం ఆ సవర పిల్లవాడు అదే వేసుకుని వచ్చాడు.

క్యాంపు మూడు రోజులు, మహేంద్రతనయ నది ఒడ్డున ఒక మామిడితోటలో. రెండు అగ్గిపుల్లల్లోనే పొయ్యి అంటించాలని వాళ్ళ దళం పట్టుదల. అన్నం, దాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు, పిల్లలే వండుకున్నారు. రెండో రోజు నేను చూడ్డానికి వెళ్ళాను. అన్నం అడుగంటింది. ఉప్పు తక్కువైంది. ఒక్కడూ వదిలిపెట్టలేదు, ఆకు మీద మెతుకు లేదు. ఇంట్లో చేమదుంప చూస్తే లేచిపోయేవాడు అందులోని చేమదుంపలు తిన్నాడు. డేరా తాళ్ళకి వాడు వేసిన ముడి చూపించాడు, క్లోవ్ హిచ్ అంట. అది మా నాన్న ఆవుని గుంజకి కట్టే ముడి. ఆ పేరు నాకు తెలీదు, ముడి మాత్రం చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు నేను పట్టించుకుని నేర్చుకుని ఉంటే తిత్లీ రాత్రి మా రేకులు ఉండేవేమో.

ఇక తగ్గించిన ఒక్క స్టారు. ఆ క్యాంపులో గైడ్ పిల్లలకు బాత్రూమ్ చాలా దూరం. రాత్రి లాంతరు పట్టుకుని ఇద్దరిద్దరు వెళ్ళాల్సి వచ్చింది. ఆడపిల్లల్ని పిలిచేటప్పుడు ముందు చూడవలసింది అదే, డేరా తర్వాత. నేను అక్కడే అడిగాను, మళ్ళీ అడుగుతాను. రెండోది, ఒక ర్యాలీ రోజు ముఖ్య అతిథి కోసం పిల్లల్ని ఎండలో రెండు గంటలు నిలబెట్టారు. ఒక పాప కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. వేళకి రావడం నేర్పే చోట పెద్దవాళ్ళు వేళకి రాకపోతే పిల్లలు ఏం నేర్చుకుంటారు? దీని మీద నాకు ఇంకా కోపం ఉంది.

కొందరు తల్లిదండ్రులు సర్టిఫికెట్ కోసమే చేర్పిస్తున్నారు. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉద్యోగాలున్న మాట నిజమే. పిల్లవాడు ఆ దారిలో పైకి వెళ్తే సంతోషమే. కానీ మొదటి నెలలోనే "రాష్ట్రపతి పురస్కార్ ఎప్పుడిస్తారు?" అని మాస్టారిని టెన్షన్ పెట్టకండి. ఆ మెట్లకు ఏళ్ళు పడతాయి, పట్టాలి కూడా.

ఇంట్లో ఏం మారిందని అడిగేవాళ్ళకి రెండు సంగతులు చెబుతాను. ఒకసారి మా అత్తగారి పాదం మీద గంజి పడింది. ఆవిడ పళ్ళపేస్టు తెమ్మని కేకలు పెడుతున్నారు, నేను కంగారులో దానికోసమే వెతుకుతున్నాను. వాడు ఆవిణ్ణి ఎత్తుకున్నంత పని చేసి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, చన్నీళ్ళు పాదం మీద పోస్తూనే ఉన్నాడు. "ఏటిరా ఇది, సలి పుట్టి సస్తాన్రా" అని ఆవిడ తిట్టినా ఇరవై నిమిషాలు ఆపలేదు. బొబ్బ చిన్నదే లేచింది.

రెండోది నాకు కష్టమైన సంగతి. పాతపట్నం నుంచి వచ్చే ఒకావిడ పట్టు జాకెట్ వాడు ఇస్త్రీ చేస్తూ వీపు మీద కాల్చాడు. రూపాయి బిళ్ళంత మచ్చ. నేను చూసి, దాని మీద ఒక పువ్వు ఎంబ్రాయిడరీ వేసేస్తే తెలీదు, పైగా ఆవిడ సంతోషిస్తుంది కూడా అనుకున్నాను. దారం రంగు కూడా ఎంచేశాను. వాడు పక్కన నిలబడి, "అమ్మా, చెప్పేద్దాం" అన్నాడు. అంతే అన్నాడు, నియమాలూ అవీ ఎత్తలేదు. కొలతల పుస్తకం బల్ల మీదే ఉంది. ఆవిడ వచ్చినప్పుడు వాడే ముందుకొచ్చి, "నేనే కాల్చానండి" అని చెప్పాడు. ఆవిడ చాలా గట్టిగా అరిచింది. బట్ట ఖరీదు 600 ఇచ్చి పంపాను. ఆవిడ మళ్ళీ మా షాపుకి రాలేదు. వాడు ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి రుమాలు తీసి చూశాను, ముడి అలాగే ఉంది. ఇది మంచి పని లెక్కలోకి రాదని వాడు అనుకున్నాడు కాబోలు. నేను విప్పబోయి, వాడిది కదా అని వదిలేశాను.

పేర్లు స్కూళ్ళు తెరవగానే రాసుకుంటారు. మీ పిల్లల స్కూల్లో దళం ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే పెట్టమని పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్ళి అడగండి. మా చెల్లెమ్మకి, అదే మావాడి చెల్లికి, ఎనిమిదేళ్ళు. ఈ జూన్‌లో బుల్‌బుల్‌లో చేరతానని ఇప్పటినుంచే పట్టుబట్టింది. నిన్న మధ్యాహ్నం బల్ల మీద నిలబెట్టి కొలతలు తీశాను. కింద రెండంగుళాల మడత వదులుతున్నాను.